కనుమకు ఇవతల

నాంపల్లి,
జూన్ 21.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు రజని వందనాలు. వచ్చే నెల రెండో ఆదివారం మన ఊరి చర్చిలో నా చేత స్వస్థత సాక్ష్యం చెప్పించాలని నిర్ణయించినట్టు పాస్టరమ్మ జయమణి గారు నిన్న ఫోన్ చేసి చెప్పారు. నా ఫిట్స్ పూర్తిగా పోయాయని, అందుకే అంత పెద్ద కొండలు ఎక్కి దిగి వచ్చానని నేను మైకులో చెప్పాలట. ఆ రోజు అందరికీ భోజనాలు కూడా అనుకున్నారట. ఆ ఆదివారం రాకముందే నీకు కొన్ని సంగతులు తెలియాలి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఫోన్లో చెప్పవచ్చు కదా అంటావు. నువ్వు ఫోన్ ఎత్తగానే స్పీకర్ పెడతావు. నీ పక్కన చిన్నమ్మ ఉంటుంది, చిన్నమ్మ పక్కన ఇంకెవరో ఉంటారు. అందుకే బైబిల్లో ఉన్నట్టు ఒక్కో అక్షరం విడివిడిగా రాస్తున్నాను. వేలు పెట్టి మెల్లగా చదువుకో. అర్థం కాకపోతే మళ్ళీ మొదటి నుంచి చదువు. ఎవరి చేతా చదివించుకోవద్దు. పోస్టుమ్యాన్ ఎల్లేష్ అన్నకు కూడా నీ చేతికే ఇమ్మని చెప్పి పెట్టాను.

ఇక్కడ నేను వేళకు తింటున్నాను, అబిడ్స్‌లో కళ్ళద్దాల షాపులో పనికి రోజూ పోతున్నాను, మాత్రలు మరిచిపోవడం లేదు. నువ్వూ బాపూ క్షేమంగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివి సంతోషించాను. బాపు మోకాలికి నూనె రాసి ఊరుకోవద్దు. మెదక్ దవాఖానకు తీసుకుపో. ఆయన రానంటాడు. రానన్నా తీసుకుపో.

చలికి ఏం కప్పుకున్నవ్ బిడ్డా అని అడిగావు. ఆ మంచు కొండల్లో గుడారంలో పడుకోవడానికి స్లీపింగ్ బ్యాగ్ అని ఒకటి ఇస్తారమ్మా. గోనెసంచిలోకి దూరినట్టు కాళ్ళ నుంచి దూరి మెడ దాకా జిప్పు వేసుకోవాలి. మొదటి రోజు నా గుడారంలోనే ఉన్న స్నేహితురాలు స్టెఫీ అందులో దూరి, "ఇగ మనం ఉల్లిగడ్డలం అయినం రజ్జూ, పొద్దున ఎవరన్నొచ్చి మూట ఇప్పితేనే బయటికొచ్చేది" అంది. చాలాసేపు నవ్వుకున్నాం.

అన్నం పెట్టిన్రా అని కూడా అడిగావు. పెట్టారు. అంత ఎత్తులో అన్నం సరిగ్గా ఉడకదు, లోపల పలుకు ఉంటుంది. నువ్వు పంపిన మామిడికాయ తొక్కు లేకపోతే ఎవరూ తినేవాళ్ళు కాదు. ఆశీష్ అని మా గుంపులో అందరికంటే చిన్నవాడు, వాళ్ళది మెదకే. డబ్బా గీకి గీకి తిని, "ఆంటీ చేతికి దండం పెట్టాలె అక్కా. గీ చలిల నాకు నాలుక ఉన్నదని గిప్పుడే తెల్సింది" అన్నాడు. ఈ మాట నీకు తప్పకుండా రాయాలని అప్పుడే అనుకున్నాను.

ఈ ప్రయాణం కోసం మేము ఎంత కష్టపడ్డామో నీకు ఎప్పుడూ చెప్పలేదు. చలికాలం నుంచే మొదలుపెట్టాం. బ్యాగులో బరువు వేసుకుని నౌబత్ పహాడ్ గుట్ట ఎక్కి దిగాలని ఇక్కడి మా చర్చి యూత్ లీడర్ జార్జి అన్న చెప్పాడు. బరువు కోసం ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనడానికి పోయాం. పుస్తకాలాయన, "ఏ సబ్జెక్టు గావాలమ్మా?" అన్నాడు. "ఏదైనా సరే అన్నా, బరువుండాలె" అంది స్టెఫీ. ఆయన మా ఇద్దరినీ కింది నుంచి పైదాకా చూసి, "గట్లయితే లా పుస్తకాలు తీస్కపోన్రి. సదివినోళ్ళు గూడ మోయలేకనే ఈడ పడేస్తరు" అన్నాడు. ఆ లా పుస్తకాలు వీపున మోసుకుని తెల్లవారుజామున గుట్ట ఎక్కేవాళ్ళం. మొదట్లో సగంలోనే కూలబడేదాన్ని. చివరికి అందరికంటే ముందు పైకి చేరేది నేనే. పైన నిలబడి కింద నాంపల్లి, అబిడ్స్ లైట్లు ఆరిపోవడం చూస్తూ, నా ఒళ్ళు నా మాట వింటున్నదని మొదటిసారి అనుకున్నాను. అది నాకు ఎంత పెద్ద సంగతో నీకొక్కదానికే తెలుస్తుంది.

డాక్టరు గారు పోవచ్చన్నారు. మాత్రలు మానకూడదు, నిద్ర చెడకూడదు, వెంట ఉన్నవాళ్ళలో ఇద్దరికైనా సంగతి తెలిసి ఉండాలి అన్నారు. అందుకని జార్జి అన్నకు చెప్పాను, స్టెఫీకి చెప్పాను. స్టెఫీ నా ప్రార్థన జత. మా యూత్‌లో పద్ధతి అది. ఇద్దరిద్దరు జతగా నడవాలి, ఒకే గుడారంలో పడుకోవాలి, సాయంత్రం ఒకరి ప్రార్థన అంశం ఒకరికి చెప్పుకోవాలి. గుడారంలో చెప్పిన మాట గుడారం దాటకూడదు.

ఫిట్స్ అనే మాట బయటి మనిషి ముందు నేను పలకడం అదే మొదలు. ఎందుకో నీకు తెలుసు. పదో తరగతిలో నువ్వు నా చెయ్యి పట్టుకుని బైబిలు మీద పెట్టించావు. "ఎవ్వరికీ చెప్పకు బిడ్డా. తెలిస్తే హాస్టల్ల ఉండనియ్యరు, సదువు ఆగిపోతది" అన్నావు. చెప్పలేదమ్మా. కాలేజీ అయిపోయేదాకా మాత్రలు పౌడరు డబ్బాలో దాచుకున్నాను. ఎవరైనా చూస్తే బలానికి అని చెప్పాను. నా పక్క మంచంలో పడుకున్న అమ్మాయికి కూడా తెలియనివ్వలేదు. అది మోసమేమోనని ఎన్నోసార్లు బాధపడ్డాను. అయినా నీకిచ్చిన మాట అనుకుని నోరు మూసుకున్నాను.

కొండల నడుమ మేము దాటాల్సిన మంచు కనుమకు ఇంకొక రోజు నడక ఉందనగా ఒక చిన్న ఊరు వచ్చింది. రాళ్ళతో, చెక్కలతో కట్టిన ఇళ్ళు, గోడల మీద ఎండబెట్టిన గడ్డి. అక్కడ కొంచెం సిగ్నల్ ఉంది. అందరి ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. మేము రాతి గోడ మీద కూర్చుని టీ తాగుతున్నాం. ఆశీష్ గట్టిగా, "రజని అక్కా, మా పిన్ని పంపిన మెసేజ్‌ల నీ పేరొచ్చింది!" అన్నాడు. మంచి వార్త అనుకున్నాడు పాపం. అందరికీ వినపడేలా చదివాడు.

"అత్యవసర ప్రార్థన అంశం. మన సహోదరి రజని మూర్ఛరోగముతో బాధపడుచు యవనస్థులతో కలిసి పర్వతములకు వెళ్ళియున్నది. పదో తరగతిలో పత్తి చేనులో పడిపోయి నాలుక కొరుక్కున్న దినము మొదలుకొని ఈ కాడి ఆమెపై నున్నది. దయచేసి అన్ని సంఘములకు పంపగలరు."

సగంలోకి వచ్చేసరికి అతని గొంతు తగ్గింది. అయినా ఆపడం ఎలాగో తెలియక చివరిదాకా చదివేశాడు. నా పక్కన కూర్చున్న అమ్మాయి నా చేతిలో ఉన్న వేడి టీ గ్లాసు మెల్లగా తీసుకుని పక్కన పెట్టింది. నేను ఆ క్షణమే పడిపోతానేమో అన్నట్టు.

నేను స్టెఫీని ఇళ్ళ వెనక్కి లాక్కుపోయాను.

"నా మొఖం చూసి చెప్పు. ఎవరికి చెప్పినవ్?"

"ఎవ్వరికీ చెప్పలే రజ్జూ. నిజంగ చెప్పలే."

"మరి గాలికి తెల్సిందా? నిన్ను నమ్మి చెప్పిన చూడు, నా బుద్ధి తక్కువ."

దానికి ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. "జర ఆగి ఆలోచించు. నువ్వు నాకు ఫిట్స్ అని చెప్పినవ్, ఏ గోళి ఎప్పుడెయ్యాల్నో చెప్పినవ్. పత్తి చేను ముచ్చట నాకెప్పుడు చెప్పినవ్?"

నేను చెప్పలేదు. దానికే కాదు, ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు చేనులో ఉన్నది నువ్వూ నేనే. బాపు ఎరువు తేవడానికి పోయాడు. నా నోట్లో మట్టిని నీ కొంగుతో తుడిచింది నువ్వు. అమ్మా, ఆ ఇంటి గోడకు ఆనుకుని నేను అట్లాగే కూర్చుండిపోయాను. స్టెఫీ నా పక్కన కూర్చుంది. "మీ అమ్మ భయపడి ఉంటదిలే" అంది. అది కూడా అర్థం చేసుకుంది. నాకే అర్థం కాలేదు.

ఆ సాయంత్రం చివరి క్యాంపు చేరేలోపే ఇద్దరమ్మాయిల తల్లిదండ్రులు జార్జి అన్నకు ఫోన్ చేశారట. వాళ్ళమ్మే భయపడి ప్రార్థన పెట్టించిందట, మంచు మీద ఆ పిల్లకు ఏమైనా అయితే మా పిల్లల సంగతేమిటని. జార్జి అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమనుకోకు చెల్లె. మేం అందరం ప్రార్థన చేసినం. నువ్వు క్యాంపులనే ఉండుడు మంచిదని అందరికీ ఒకటే జవాబొచ్చింది."

"నన్ను గూడ పిలిచి చేస్తే నాకేం జవాబొచ్చునో తెలిసేది గదన్నా."

ఆయన కిందికి వంగి, కట్టే ఉన్న బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "నాకు నీ సంగతి ముందే తెలుసు, అయినా తీస్కొచ్చిన గదా. నాకేం లేదు. కానీ మీ అమ్మగారే గంతగనం భయపడ్డరంటే, ఇగ మేమెట్ల ధైర్యం చేస్తం, చెప్పు?"

నేను గుడారంలోకి పోయి, సర్దిపెట్టుకున్న నా బ్యాగు విప్పేశాను.

పొద్దున వాళ్ళు బయలుదేరారు. జత విడిచి పోకూడదని స్టెఫీ మొండికేసింది. నేనే తిట్టి పంపాను. మంచు మీద వాళ్ళు చీమల బారులా పైకి పోతుంటే చూశాను. చివర నడుస్తున్నది స్టెఫీ అని దాని ఎర్ర టోపీని బట్టి తెలుస్తూ ఉంది. అది మాటిమాటికీ వెనక్కి తిరిగింది. కాసేపటికి కొండ మీద మంచు తప్ప ఏమీ కనబడలేదు.

నీ ఉత్తరంలో ఇంకొకటి అడిగావు. కొండ అవతల ఏమున్నది బిడ్డా అని. దిగి వచ్చాక ఫోన్లో నీకు చెప్పాను, నీలం రంగు చెరువు ఉంది, రాళ్ళ మధ్య పసుపు పచ్చని పూలున్నాయి అని. నువ్వు ఆ మాటలు చిన్నమ్మకు మళ్ళీ చెప్పడం ఫోన్లోనే వినబడింది. అవి స్టెఫీ చూసినవి అమ్మా. నేను అవతలికి పోలేదు. అంతమంది వింటుంటే నన్ను వదిలేసి పోయారని చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఇక్కడ నేనుంటున్న హాస్టల్లో అందరికీ తెలుసు. అందరూ మంచిగానే ఉంటున్నారు, అదే భరించలేకుండా ఉంది. నేను స్నానానికి పోతే ఎవరో ఒకరు తలుపు బయట నిలబడి, "అక్కా, మంచిగున్నవా?" అని అడుగుతారు. ఔ, మంచిగున్న అంటాను. నెత్తి మీద నీళ్ళు పోసుకునేలోపు మళ్ళీ అడుగుతారు. గడియ పెట్టుకోవద్దని వార్డెన్ మేడమ్ చెప్పారు. రాత్రి నేను పక్కకు తిరిగితే చాలు, ఎవరో ఒకరు లేచి లైటు వేస్తారు. వాళ్ళకూ నిద్ర లేదు, నాకూ లేదు.

నీ కోసం పదకొండు ఊర్లల్ల ప్రార్థన చేసిన్రు బిడ్డా అని నువ్వు ఎంతో సంతోషంగా రాశావు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచి పెట్టేశాను. మిగిలింది రెండు రోజుల తర్వాత చదివాను. నువ్వు ఎందుకు చెప్పావో నాకు తెలియక కాదు. నాకు ఏమైనా అవుతుందేమోనని నీకు అన్నం సయించి ఉండదు. జయమణి పాస్టరమ్మతో చెప్తే దేవునితో చెప్పుకున్నట్టే అని నువ్వు అనుకుంటావు. ఆమె కూడా చెడ్డ మనసుతో చేయలేదు. కానీ అమ్మా, ఇన్నేళ్ళు నా నోరు కట్టి పెట్టింది నువ్వు. నేను ఒక్కదాన్నే మోశాను. చెప్పాలనుకుంటే చెప్పే హక్కు నాది. నాకు ఒక్క మాట చెప్పకుండా, నేను ఊళ్ళో లేనప్పుడు, నువ్వు చెప్పేశావు. స్టెఫీ చెప్పి ఉంటే స్నేహం పోయిందని ఏడ్చి ఊరుకునేదాన్ని. నువ్వు చెప్పావు. ఇక ఎవరి దగ్గరికి పోయి ఏడవాలి?

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. పోయిన ఆదివారం అందరూ చర్చికి పోయారు. నాకు ఒళ్ళు బాగాలేదని రూములో ఉండిపోయాను. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. నోట్లో రక్తం, మోచేతి మీద దెబ్బ. ఫిట్స్ మళ్ళీ వచ్చింది అమ్మా, ఇన్ని రోజుల తర్వాత. లేచి నేల తుడిచాను, తడిసిన బట్టలు ఉతికి ఆరేశాను, వాళ్ళు వచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాను. మర్నాడు డాక్టరు గారి దగ్గరికి పోయాను. నిద్ర చెడినందువల్ల అన్నారు, మాత్ర పెంచారు. ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. స్టెఫీకి కూడా చెప్పలేదు.

కాబట్టి నేను మైకు ముందు నిలబడి స్వస్థత కలిగిందని చెప్పలేను. దేవుడు నన్ను చూడడం లేదని అనడం లేదు. నన్ను ఆ మాత్రలతోనే చూస్తున్నాడని నేను నమ్ముతున్నాను.

ఈ సంగతి నీకు రాయాలా వద్దా అని రెండు కాగితాలు చింపేశాను. చివరికి రాశాను, నాకు అమ్మవు నువ్వొక్కదానివే కాబట్టి. ఇది బాపుకు కూడా చెప్పవద్దు. చెప్పాలనిపిస్తే నేనే వచ్చి చెప్తాను.

సాక్ష్యం ఆపించు. కారణం చెప్పకుండా ఆపించాలి. నా బిడ్డ చెప్పదట అంటే చాలు, ఎందుకని అడిగితే దానినే అడగమను. ఆపించావని నీ చేతితో ఒక్క ముక్క రాసి జులై ఐదో తారీఖు లోపు నాకు అందేలా పోస్టు చెయ్యి. అది వస్తే శనివారం బస్సుకే బయలుదేరి వస్తాను. నీ ఉత్తరం కంటే ముందు పాస్టరమ్మ గారు ఫోన్ చేసి ఫిట్స్ మళ్ళీ వచ్చిందట కదా అంటే, అదే నీ జవాబు అనుకుంటాను.

ఇట్లు,
నీ బిడ్డ
రజని