మొన్సూ అసలు పేరు

పలెర్మో, 1958 మార్చి 3

ఇల్లు అమ్ముడుపోయింది. దొరసాని నాతో చెప్పలేదు. ఆవిడ తమ్ముడి మనవరాలు ఒరియానా చెప్పింది. నెలాఖరుకి దొరసాని నన్‌ల ఆశ్రమానికి వెళ్లిపోతుందట. నా సంగతి ఎవరూ ఎత్తలేదు. వంటవాడి సంగతి ఎవరికి పడుతుంది.

మార్చి 9, సాయంత్రం

ఒరియానా నేపుల్స్‌లో చదువుతోంది. వంటింటి బల్లెక్కి కూర్చుని, నేను ఒలిచిన బాదంపప్పులు నేను చూడట్లేదనుకుని నోట్లో వేసుకుంటూ, నీ అసలు పేరేంటని అడిగింది. గాస్పరే అన్నాను. మరి అందరూ మొన్సూ అంటారేం అంది. పెద్దిళ్ల వంటవాళ్లని అలాగే అంటారమ్మా అన్నాను.

అది ఫ్రెంచి మాటట. ఎప్పుడో నేపుల్స్ రాణిగారి కాలంలో ఫ్రాన్సు నుంచి వంటవాళ్లొస్తే, వాళ్లని మర్యాదగా మెస్యూ అన్నారట. మన జనం నోట్లో పడి మొన్సూ అయిందట. విడగొట్టి చూస్తే 'నా దొర' అని అర్థమట.

పడీ పడీ నవ్వాను. ముప్పై ఏళ్లుగా దొరసాని, నా దొరా, ఇవాళ ఉప్పు తగ్గిందయ్యా అంటోందన్నమాట.

తర్వాత నవ్వు రాలేదు. నాకు ముందున్న వంటాయన్ని కూడా అలాగే పిలిచేది. ఆయన పోయాక టోపీతో పాటు ఆ పిలుపూ నాకొచ్చింది. ఆయన పేరేంటో నాకూ తెలీదు.

మార్చి 10

వెళ్లేలోపు దొరసాని ఒక్కసారి గాస్పరే అని పిలిస్తే చాలు. ఇంకేం అడగను.

మార్చి 19

సెయింట్ జోసెఫ్ పండగ. సార్డిన్ చేపలతో పాస్తా చేశాను. పనిపిల్లలు మానేశారు, నేనే పైకి దొరసాని దగ్గరికి పట్టుకెళ్లాను. నా పేరు తెలుసా అమ్మగారూ అని అడుగుదామనుకున్నాను. చేపలు తాజాగా ఉన్నాయంది. అవునమ్మా అన్నాను. కిందికొచ్చేశాను. ఇంత పిరికివాణ్నని నాకు ఇన్నాళ్లూ తెలీదు.

మార్చి 31

కారొచ్చింది. దొరసాని ఒరియానా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నేను పొయ్యి తుడుస్తున్నాను. గాస్పరే, వెళ్లొస్తాను అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరొచ్చారా అని.

ఎవరూ లేరు. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆవిడ మొహం ఎర్రబడింది. తప్పు పేరు చెప్పావేమే పిల్లా అని ఒరియానాని కసిరింది. నేనేనమ్మా అనబోయాను. వెళ్లొస్తా మొన్సూ అని కారెక్కేసింది.

ఏడ్చాను. దాచుకోవడమెందుకు.

ఏప్రిల్ 6, ఈస్టర్

అద్దె గది. ఒక్కడికి వండడం నాకు చేతకాదు, నలుగురికి సరిపడా అయింది. బల్ల మీద ఒక పళ్లెం పెట్టి, గాస్పరే, వచ్చి తిను అని పిలిచాను. వెళ్లి కూర్చున్నాను.