గేటు పాస్ లేకుండా వచ్చిన డిస్కు

యారాడ కొండ, 5వ తారీఖు

మెహక్ అమ్మాయికి, సర్వర్ల గది గేటు కాడ నుంచి సెక్యూరిటీ రమణమూర్తి రాసేది ఏటంటే,

నిన్న లోపలి తెరమీద 'డిస్కు కనెక్ట్ అయింది' అని పడింది. పెట్టినోళ్ళు అన్న కాడ మీ పేరూ, మీ ఆఫీసు పేరూ ఉన్నాయి. నా గేటు దాటి ఎవులూ రాలేదు. డిస్కు ఏ దారిన వచ్చినట్టు? రిజిస్టర్లో రాయాల. గేటు పాస్ పంపండి.

ఇట్లు,
రమణమూర్తి

తా.క.: కిటికీ కూడా సూసినాను. గెడ వేసే ఉంది. ఇక్కడ ఫోన్ పలకదు, ఉత్తరం జనరేటరుకి డీజిల్ తెచ్చే బండికిస్తన్నాను.


వన్‌టౌన్, 9వ తారీఖు

రమణమూర్తి బాబాయ్ గారికి మెహక్ సలాం.

నేను డిప్లొమా ఆఖరి ఏడాది చదువుతూ ఇక్కడ ట్రైనీగా చేస్తున్నాను. నేను అక్కడికి రాలేదండీ. ఇక్కడే కూర్చుని నల్ల తెరమీద ఒక్క వరుస కమాండ్ టైపు చేశాను. నా కంప్యూటర్లో ఉన్న ఫైలే మీ సర్వర్‌కి డిస్కులా కనిపిస్తుంది. దాంతో కొత్త సిస్టమ్ ఎక్కిస్తున్నాను. లైను నెమ్మది, వారం పట్టొచ్చు. దాన్ని వర్చువల్ డిస్కు అంటారు. 'లేకపోయినా ఉన్నట్టే పనిచేసేది' అని నా నోటుబుక్కులో రాసుకున్నాను. మాట బాగుందా?

మీ
మెహక్

తా.క.: కంప్యూటర్లో ఆ నల్ల తెర కిటికీ మూస్తే డిస్కు ఊడిపోతుంది. అందుకే దాని ముందే అన్నం తింటున్నాను. మిగతావాళ్ళందరికీ ఇంటినుంచే పని. మాట బాగుందా అని అడగడానికి ఇక్కడ కుర్చీలు తప్ప ఎవరూ లేరు.


యారాడ కొండ, 12వ తారీఖు

అమ్మా మెహక్,

మాట బాగుంది. రిజిస్టర్లో అదే ఎక్కించినాను: 'లేకపోయినా ఉన్నట్టే పనిచేసేది, ఒకటి.' పక్కన 'తిరిగి వెళ్ళాలా?' అని గడి. 'అవును' అని రాసినాను. ఇక అది గేటులోంచే బయటికెళ్ళాల, పట్టుకెళ్ళినోళ్ళు సంతకం పెట్టాల. ముప్పయ్యేళ్ళు గేటు కాసినాను, ఒక్క గడి ఖాళీ వదల్లేదు. ఈ ముప్పయ్యో తారీఖుతో నా డ్యూటీ ఆఖరు. నా తరవాత మనిషిని పెట్టరట, అంతా దూరం నుంచే సేసుకుంటారట. ఖాళీ గడితో పుస్తకం అప్పజెప్పలేను తల్లీ.

ఇట్లు,
రమణమూర్తి

తా.క.: డీజిల్ బండోడు మాటాడడు. హారన్ కొడతాడు, అంతే.


వన్‌టౌన్, 23వ తారీఖు

బాబాయ్ గారూ, సలాం.

ఈరోజు డిస్‌కనెక్ట్ చేశాను. డిస్కు వెళ్ళిపోయింది. కింద నా సంతకం ఉంది, కత్తిరించి గడిలో అంటించుకోండి.

మెహక్

తా.క.: నిజం చెప్పాలి. పని పోయిన సోమవారమే అయిపోయింది. డిస్కు తీసేస్తే మీ ఉత్తరాలు ఆగిపోతాయని కిటికీ మూయలేదు. ఎనిమిది రోజులు ఉత్తినే కాపలా కాశాను.


యారాడ కొండ, 26వ తారీఖు

అమ్మా మెహక్,

సంతకం అంటించినాను. లేని వస్తువుకి అంటించిన సంతకం సాలు. గడి నిండింది. నువ్వు సెప్పిన ఆ సోమవారం నుంచీ తెరమీద 'పూర్తయింది' అని కనబడతానే ఉంది. నాను ఎవులికీ సెప్పలేదు.

దాని కిందన ఇంకో వరుస రాసినాను. వచ్చేది: మెహక్, ఒకటి. వచ్చిన టైము: ఖాళీ. తిరిగి వెళ్ళాలా: టీ తాగినాక.

ఇట్లు,
రమణమూర్తి

తా.క.: ముప్పయ్యేళ్ళలో నాను ఖాళీ వదిలిన గడి ఇదొక్కటే. ముప్పయ్యో తారీఖు సాయంత్రం అయిదింటికి పుస్తకం మూసెత్తాను. దీనికి అంటించిన సంతకం సెల్లదు.