దండం పెట్టేలోగా

పోర్ట్‌బ్లెయిర్, 1968. ఆదివారం రాత్రి.

ఈ దీవుల్లో ఎటు కదలాలన్నా లాంచీయే. పెళ్లయి ఇక్కడికి వచ్చేశాక నేను మళ్లీ చూడని నా చెల్లి అవతలి ఒడ్డునే ఉంది. మా పెద్దోడి దగ్గరికి నేను చుట్టపుచూపుగా వచ్చిన ఇన్నాళ్లకి వాడికి తీరిక దొరికి, పొద్దున రేవుకి తీసుకెళ్లాడు. వాడు ముందు ఎక్కేశాడు. మా కళింగపట్నంలోలాగే నేను చెప్పులు విప్పి, వంగి లాంచీకి దండం పెట్టాను. తలెత్తేసరికి మధ్యలో నీళ్లు!

"ఇది మనూరి పడవేటమ్మా, ఆగడానికి!" లాంచీలోంచే కసిరాడు. జనం నవ్వారు. మళ్లీ లాంచీ సాయంత్రమే, అది ఎక్కితే రాత్రికి తిరిగి రాలేను.

వాడు తిరిగొచ్చాక అడిగాను. "నా సెల్లి ఏటందిరా?"

"నీకొడ్డించిన కంచం మీద మూతెట్టేసినాది."

తెల్లారితే విశాఖ ఓడ. ఈ వయసులో మళ్లీ వస్తానా? రేపు ఓడకి దండం పెట్టను గాక పెట్టను. పెట్టకపోతే నడిసముద్రంలో ఏమవుతుందో...