వెనక వరస లైటు దించేటప్పుడు

బావా,

నువ్వు గుంటల కాడి నుంచి వచ్చేసరికి నేను నెల్లూరు బస్సులో ఉంటాను. చేపల పులుసు పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకో.

నారు గదిలో ముందు వరస మిరప నారు బాగా ఎదిగింది. ఆకులు మాడకముందే నారు మీద వేలాడే లైటును జానెడు పైకి లాగు. రెండు గిలకల తాళ్లూ కలిపి పట్టుకో, ఒకటే లాగితే లైటు ఒక పక్కకు ఒరుగుతుంది. వెనక వరస నారు ఇంకా పొట్టిగానే ఉంది, అక్కడ లైటు కొంచెం దించాలి. దించేటప్పుడు తాడు మెల్లగా వదులు. రొయ్యల గుంటలో మేత ట్రే దించినట్టు ఒక్కసారిగా వదిలేయకు. అక్కడ ట్రేని నీళ్లు మోస్తాయి. మొన్న ఇక్కడ లైటును మోసింది నా భుజం.

నువ్వు పరిగెత్తుకొచ్చి ముందు లైటునే ఎత్తినావు. స్విచ్చి వేసి, అది వెలగ్గానే "అమ్మయ్య, ఏం కాలా" అన్నావు. నేను నారు ట్రేల మధ్యన కూలబడే ఉండాను. ఆ రోజు నుంచి చెయ్యి పైకి లేవక నా జడ మీ అమ్మే వేస్తా ఉంది. ఎట్లుందని ఆమె రోజూ అడుగుతుంది. నువ్వు ఒక్కసారీ అడగలా.

ఎక్స్‌రే తీయించుకుని, అట్నే కొడవలూరులో మా అక్క ఇంటికి పోతాను. ఫోన్ చేసి నారు సంగతి చెప్పొద్దు.

కామాక్షి

ఇంకో మాట. తాడు జాగ్రత్త. ఈసారి లైటు జారితే నేరుగా నేల మీదే పడుతుంది. కింద నేనుండను.