చింతమొద్దులో మేకు

మంగళవారం

రోడ్డు వెడల్పు కోసం మా ఊరు మంఖాల్‌లో కొట్టేసిన చింతచెట్టు మొద్దును ఇవాళ కోత మిషన్ ఎక్కించాం. దానికో పక్క కుండంత బుడిపె. అలాంటి బుడిపెలోనే చారలు సుడులు తిరుగుతాయి. టేబుళ్లకు పలకలు కొనేవాళ్లు వాటినే అడుగుతారు.

రెండో పలక సగంలో ఉండగా బ్లేడు తెగింది. చెక్కలో కమ్మరి చేసిన పాత మేకు, దాని చుట్టూ సిరా ఒలికినట్టు నలుపు.

"అయస్కాంతం పెట్టి చూడలేదా అన్నా?" అన్నాడు మిషన్ నడిపే సత్తయ్య. "ఊరి చెట్లల్ల మేకులుంటయని నీకు ఎర్కనే గద."

చూడలేదు. చూస్తే దొరుకుతుందని తెలుసు.

నాకు పదేళ్లప్పుడు, పురిట్లో బిడ్డ పోయి చిన్నమ్మ మాట్లాడడం మానేసింది. దయ్యం పట్టిందన్నారు. మంత్రగాడు ఆమె నడినెత్తి వెంట్రుకలు మేకుకు చుట్టి ఈ చింతచెట్టుకే కొట్టాడు, తర్వాత వాటిని కోసేశాడు. ఆమె చేతులు పట్టుకున్నది నేనే. ఆమె అరవలేదు. మర్నాడు మాట్లాడింది. నయమైందన్నారు.

సాయంత్రం మేకు తీసుకెళ్లి చిన్నమ్మ ముందు పెట్టాను. ఆమె చెయ్యి నడినెత్తి మీదికి పోయింది.

"దయ్యం గియ్యం ఏం లేకుండెరా," అంది. "మల్ల చెట్టు కాడికి తీస్కపోతరని మాట్లాడిన."

"మరి ఆ రోజు నొప్పికైనా ఎందుకు మొత్తుకోలే చిన్నమ్మా?"

"నా చేతులు పట్టుకున్నది నువ్వాయె. నేను మొత్తుకుంటే భయపడ్తవని ఊకున్న."