కాయల మీద కారు పోనివ్వలేదు

అమ్మా, నా డ్రైవరు ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. ఎమ్మెల్యే గారి కారును ఆడవాళ్ళు అడ్డుకున్నారని టీవీలో చూసి నువ్వు అన్నం మానేశావట, చెల్లి చెప్పింది. ఫోనులో నా మాట నీకు సరిగా వినపడదు కనుక కార్డు రాస్తున్నాను. చెల్లి చేత చదివించుకో.

ఎవరూ అడ్డుకోలేదు. పక్క మండలంలో బడి గదులు ప్రారంభించడానికి వెళ్తుంటే, ఊరి ముందు తారు రోడ్డంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేనే కారు ఆపేశాను. సారు చెప్పులు చేత్తో పట్టుకుని దిగారు. కాయల దగ్గరున్న ముసలమ్మ, "ఎట్టాగూ నడుస్తున్నారుగా, కాళ్ళతో కాయలు తిరగేసుకుంటా పోండయ్యా" అంది. సారూ, వెనక కార్లు దిగిన ముప్పై మంది నాయకులూ తెల్లబట్టల్లో తుమ్ముకుంటూ రోడ్డు పొడుగునా కాయలు తిరగేశారు. సాయంత్రం అందరి కాళ్ళ మంటలకూ నేనే మజ్జిగ పోశాను. నిన్న అసెంబ్లీలో సారు లేచి, ఆరబోతకు ఊరూరా సిమెంటు కల్లాలు కట్టించాలని గట్టిగా అడిగారు.

చెల్లి దగ్గు తగ్గిందా? గేదె ఈనిందా? గుంటూరు వైపు ఎవరైనా వస్తే గోంగూర పచ్చడి పంపు, ఇక్కడి అసెంబ్లీ క్యాంటీను కూరల్లో కారమే ఉండదు.

వచ్చే ఆదివారం సభకు సెలవు. సారు మన ఊరు వస్తున్నారు. రోడ్డు మీద మన కాయలు ఎత్తించొద్దు, ముప్పై మందిని తీసుకొస్తున్నాను. నువ్వు మజ్జిగ మాత్రం ఎక్కువగా చిలికి పెట్టు.

నీ కొడుకు,
వీరాంజనేయులు