8191ని ఏది భాగిస్తుంది?

సారూ,

కొత్తగా దొరికిన ప్రధాన సంఖ్య గురించి పేపర్లో చదివాను. నాలుగు కోట్లకు పైగా అంకెలట. రెండుని రెండుతో కోట్లసార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చిందట, మీరు బోర్డు మీద రాసిన 8191 లాగే. మీకు తప్ప ఇంకెవరికి చెప్పాలో తోచలేదు.

సింహాద్రిపురం బడిలో అప్పుడు ఊళ్లో కక్షలు పడ్డ రెండు పార్టీల పిల్లలం మాట్లాడుకునేవాళ్లం కాదు. "దీన్ని ఏది భాగిస్తాదో పంచుకోని చూడండప్పా" అన్నారు మీరు. అవతలి పార్టీ ఓబులేసు మొదటిసారి నన్ను పలకరించాడు.

"ఏడుతో ఒకటి మిగుల్తాంది. నీకు?"

"పదమూడుతోనూ ఒకటే."

గంట కొట్టినా ఎవరమూ లేవలేదు. దాన్ని ఏదీ భాగించలేదు.

ఆ ఏడే, ఎన్నికలప్పుడు, మీరెక్కిన బస్సు మీద బాంబు పడింది. మీరిక బడికి రాలేదు, ఇంటికీ రాలేదు. మా చిన్నాయన వేయడం నేను చూశాను. కోర్టులో అదే చెప్పాను. ఆ రోజు మావాళ్లెవరూ నాతో రాలేదు. ఓబులేసు వచ్చి నా పక్కన కూర్చున్నాడు.